చివరి బెంచీ దాకా నిమ్మగడ్డి

జ్వరం తగ్గాక టైలరమ్మకు అన్నీ తిరిగొచ్చాయి, ఒక్క వాసన తప్ప. కాఫీ పొడి డబ్బాలో తల దూర్చినా ఖాళీ కాగితం ముందు నిలబడ్డట్టే ఉండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సువాసన కొవ్వొత్తులు చేసే మనిషికి ముక్కు పనిచేయదంటే నవ్విపోరూ?

చూపు మందగించి కుట్టుమిషను మూసినప్పటి నుంచీ ఆమె వంటింట్లో తేనెమైనం కరిగిస్తోంది. సూదిని వదిలింది కాని దారాన్ని వదల్లేదు. వత్తులన్నీ తనే జడలా అల్లుకునేది. అయినా మిషను ఆగాక ఆమెను పనిమీద వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. సంగీత పాఠశాల పంతులమ్మే మొదట వచ్చింది. ఒక కొవ్వొత్తి వాసన చివరి బెంచీ దాకా వస్తే చాలు, కచేరీ రోజున హాలంతా ఆమె కొవ్వొత్తులే వెలిగిస్తామంది.

ఎప్పుడు నూనె పోయాలో మునుపు ముక్కే చెప్పేది. ఇప్పుడు అంచనా మీద, మైనం సలసలా కాగుతుండగానే నిమ్మగడ్డి నూనె పోసేసింది. ఆ ఘుమఘుమ మూడు గదులు దాటి పక్క వాటాలోని ఆడపడుచు వదినను లాక్కొచ్చింది.

"ఏం మరదలా, ఇల్లు తీసేసి అత్తరు కొట్టు పెట్టావా?"

టైలరమ్మ మురిసిపోయింది.

తీరా పాఠశాలలో వెలిగిస్తే, చివరి బెంచీ మాట అటుంచి మొదటి బెంచీకే ఏమీ అందలేదు. పంతులమ్మ నొప్పించకుండా చెప్పి, వారం గడువిచ్చింది. ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకుంది.

పోసేముందు వాసన చూసుకోవద్దా అని వదిన నిలదీస్తే, ఆర్నెల్లుగా దాచిన మాట బయటపడింది. వదిన తన ముక్కు మీద వేలు పెట్టి చూపించింది.

"నాకు చెబితే నీ సొమ్మేం పోయింది? అరవై ఏళ్లుగా ఎవరి పొయ్యి మీద ఏముందో కనిపెట్టి తిట్లు తింటున్న ముక్కు ఇది. వాడుకో."

అప్పుడు తట్టింది టైలరమ్మకు. ఇల్లంతా నిండిన వాసనే కదా కొవ్వొత్తిలో లేకుండా పోయింది! మంచి బట్టనంతా కత్తిరింపుల్లోనే పోగొట్టుకుంది తను.

మర్నాటి నుంచి వదిన పక్క గదిలో స్టూలు వేసుకుంది. టైలరమ్మ పూటపూటకూ మైనాన్ని ఇంకాస్త చల్లారనిచ్చి నూనె పోసేది. వాసన ఇంకా ఇక్కడిదాకా వస్తోందనేది వదిన. మళ్లీ చల్లార్చడం, మళ్లీ వస్తోందనడం. ఐదో రోజున, గిన్నె అంచున అద్దం మీద ఊపిరంత పలచటి పొర కడుతుండగా పోసి, నెమ్మదిగా కలిపి, గ్లాసుల్లోకి వంపింది. పక్క గదిలో చప్పుడు లేదు.

"నిద్రపోయారా వదినా?"

"మెలకువగానే ఉన్నాను. ఏమీ రావడం లేదు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

గడువు నాడు పంతులమ్మ చివరి బెంచీలో పుస్తకం తెరుచుకుని కూర్చుంది. నోరెత్తనని మాటిచ్చిన వదిన పక్కనే పెదాలు బిగించుకుంది. మొదటి బెంచీ ముందు కొవ్వొత్తి లావాటి వత్తి నిదానంగా, నిటారుగా వెలిగింది. పావుగంటకు పంతులమ్మ తలెత్తి, ఇలాంటివి నలభై చేయగలరా అని అడిగింది.

"యాభై చేస్తాం," అంది వదిన, ఇచ్చిన మాట గంగలో కలిపి.

కచేరీ సాయంత్రం టైలరమ్మ తలుపు పక్కన నిలబడింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నారు. కళ్లు అరమూస్తున్నారు, భుజాలు దించుకుంటున్నారు. ఒక్కొక్క ముఖం మీదా నిమ్మగడ్డి వాలడం ఆమె కళ్లారా చూసింది. ఆఖరి మనిషి లోపలికి వెళ్లేదాకా అక్కడి నుంచి కదల్లేదు.