సత్యవతిగారి పెద్ద ఫైలు

నిన్న ఎవరో ఫోన్‌కు పంపిన పాట విన్నాను. ఎన్ని చేతులు మారి వచ్చిందో, గొంతు బిందెలోంచి వస్తున్నట్టు బోలుగా ఉంది. సగంలో ఆపేశాను. అలాంటి శబ్దం చెవిన పడితే నాకు సత్యవతిగారు గుర్తొస్తారు. ఆ పూట ఇక ఏ పనీ సాగదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నర్సీపట్నంలో ఆవిడ నడిపిన రికార్డింగ్ సెంటర్‌లో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. పాత క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించేవాళ్లం. అందరూ అడిగేది ఎంపీత్రీయే. ఒక్క సీడీలో వంద పాటలు పడితే ఎవరికి చేదు? కానీ పోయినవాళ్ల గొంతు ఉన్న క్యాసెట్ వస్తే మాత్రం ఆవిడ ఏమాత్రం కుదించని వేవ్ ఫైలే చేయించేవారు. అది కంప్యూటర్ డిస్కులో బోలెడు చోటు తినేది. చెవికి తేడా తెలీదు కదండీ అని నేను విసుక్కునేదాన్ని.

"చిన్నది సేస్తే ఏదో ఒకటి పోద్దమ్మా. ఏది పోద్దో ముందు తెలీదు" అనేవారు. నాటకాల్లో పద్యాలు పాడిన ఆవిడ భర్త గొంతు కూడా ఆ డిస్కులోనే ఉండేది. ఆయన పోయాక అసలు క్యాసెట్ కూడా తెగిపోయింది.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఎస్. రాయవరం వైపు సముద్రపు ఒడ్డు నుంచి చేపలమ్ముకునే ఒకామె కొడుకు పాడిన క్యాసెట్ పట్టుకుని వచ్చింది. "మా గుంటడి పాటమ్మా. సముద్రం మీద యేటకెల్లినోడు మరి రానేదు" అంది. ఉప్పుగాలికి పాడైన టేపు, తిరుగుతుంటే పొడి రాలుతోంది. ఇంకోసారి తిరిగేలా లేదు. సగంలో ఉండగా డిస్కు నిండిపోతోందని కంప్యూటర్ హెచ్చరించింది. కొన్ని ఫైళ్లు సీడీలోకి ఎక్కించి చోటు చేద్దామంటే సీడీ రైటర్ రిపేరుకు వెళ్లింది. డిస్కులో ఉన్నవన్నీ కస్టమర్లకు ఇంకా ఇవ్వాల్సినవే, సత్యవతిగారి భర్త పద్యాలు తప్ప.

"ఆయనది తీసెయ్. ఎంపీత్రీ ఉంది కదా. బేగి!" అన్నారు సత్యవతిగారు.

నాకు చెయ్యి రాలేదు. ఆవిడే మౌస్ లాక్కుని తీసేశారు. టేపులో ఆ కుర్రాడు పాట ఆపి నవ్వుతూ "అమ్మా, బువ్వెట్టు" అన్నాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె వెళ్లాక సత్యవతిగారు భర్త ఎంపీత్రీ పెట్టమన్నారు. ఆయన తమ్ముడికి పంపడానికని బాగా కుదించి చేసిన కాపీ అది. పద్యం ఉంది, మాటా తెలుస్తోంది. పాదానికీ పాదానికీ మధ్య ఆయన తీసుకునే ఊపిరి మాత్రం లేదు. "అక్కడే కదమ్మా ఆయనుండేది" అని ఆవిడ ఏడ్చారు. ఆ ఫైలు మళ్లీ ఎప్పుడూ పెట్టించుకోలేదు.

తర్వాత ఆ తల్లి ఊళ్లోకి వచ్చినప్పుడల్లా మాకు ఎండుచేపలు తెచ్చి ఇచ్చేది. ఒకసారి జరిగింది చెప్పేద్దామని నోరు తెరిచాను. సత్యవతిగారు కళ్లతోనే వారించారు. "సెప్పకు. కొడుకు పాట ఇన్నప్పుడల్లా ఆవిడ మనసు పీకుద్ది" అన్నారు ఆమె వెళ్లిపోయాక.

ఇప్పుడు సత్యవతిగారూ లేరు. ఆ అబ్బాయి నవ్వుకు చోటెలా దొరికిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.