తాళం తీయని మైసయ్య

తాళం తీశాడని నేరం మోపి మైసయ్యను ఉద్యోగంలోంచి పంపేశారు. ఆ కాగితం మీద కౌంటర్ గుమస్తా సాయిప్రియ సంతకం కూడా ఉంది.

ఆ తాళం కంటికి కనిపించేది కాదు. 2004లో బహదూర్‌పురాలోని ఆ పార్సిల్ ఆఫీసులో రసీదు కొట్టాలంటే, ఇక్కడి కంప్యూటర్ ఫోను లైను మీద సికింద్రాబాద్ హెడ్డాఫీసు కంప్యూటర్‌తో మాట్లాడాలి. మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా ఆ మాటలు రహస్య లిపిలో నడుస్తాయి. ఆ ఏర్పాటునే ఆఫీసులో తాళం అనేవారు. రసీదుకు నిమిషంన్నర పట్టేది. లారీ పక్కన నిలబడి హమాలీ దుర్గయ్య అరిచేవాడు.

"ఏంది మేడం, గా కంప్యూటర్ డబ్బా సికింద్రాబాద్ దాంక నడ్సుకుంట పోతున్నదా?"

కంప్యూటర్లు చూసుకునే మైసయ్య నవ్వేవాడు కాదు. వాచీ ముందు పెట్టుకుని లెక్కపెట్టేవాడు. ఒకరోజు చెప్పాడు.

"రసీదు పోవుటానికి అయిదు సెకండ్లే మేడం. తతిమ్మా టైమంత నువ్వెవరు, నేనెవరు అని అడుగుడే. ప్రతి రసీదుకు మల్ల మొదటికెల్లి."

"మరి అడక్కుండా ఎలా పంపిస్తారు?"

మైసయ్య అంతకుముందు కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేశాడు.

"గేటుకాడ పొద్దుగాల కార్డు, మొఖం, రిజిస్టరు అన్ని చూసి ఇత్తడి బిళ్ల ఇస్తుండె. చాయ్‌కు బయటికి పోయొస్తే బిళ్ల చూపిచ్చుడే. గేటు గేటే, తాళం తాళమే. హెడ్డాఫీసు కంప్యూటర్ గూడ గసొంటి బిళ్లే ఇస్తున్నది. మన ప్రోగ్రాం దాన్ని పారేస్తున్నది."

ఆ బిళ్లను దాచుకుని మళ్లీ చూపించేలా సెట్టింగు మార్చమని హెడ్డాఫీసుకు రెండు ఉత్తరాలు రాశాడు. పదో తరగతి తప్పినవాడి ఉత్తరం ఎవరు చదువుతారు? చివరికి తనే మార్చాడు. పొద్దున మొదటి రసీదుకు నిమిషంన్నర, తర్వాతివన్నీ ఎనిమిది సెకన్లలో వచ్చేశాయి.

నాలుగో రోజు హెడ్డాఫీసు ఇంజనీరు రఘురామ్ దిగాడు. తాళం తీస్తే తప్ప అంత వేగం రాదన్నాడు. తెరిచి చూసింది లేదు. కాగితం రాసి సాయిప్రియ ముందు పెట్టాడు. సెట్టింగు మార్చిన మాట నిజమే కదా అనుకుని ఆమె సంతకం చేసింది.

మైసయ్య వెళ్లిపోయాడు. పాత సెట్టింగుతో పాటు నిమిషంన్నరా తిరిగొచ్చింది. సాయిప్రియ మనసు మాత్రం ఊరుకోలేదు. తీశాడా, లేదా? ప్రతి కనెక్షన్‌కూ తాళం పడిందో లేదో కంప్యూటర్ ఒక వరుస రాసుకునే ఫైలు ఉంది. ఎక్కడుంటుందో మైసయ్యే ఒకప్పుడు చూపించాడు. తెరిచింది. ఆ నాలుగు రోజులవీ ఆరు వందల పైచిలుకు వరుసలు. తాళం లేనిది ఒక్కటీ లేదు.

అచ్చు తీసి రఘురామ్‌కు పంపింది. నెల తిరక్కుండా పదకొండు బ్రాంచీల్లోనూ అదే సెట్టింగు పెట్టారు, రఘురామ్ పేరు మీద.

చార్మినార్ దగ్గర గాజుల దుకాణం మేడమీది ఇంటర్నెట్ సెంటర్లో మైసయ్య దొరికాడు. ఆమె ఆ కాగితాలు అతని ముందు పెట్టింది.

"ఒక్క అర్జీ పెట్టండి మైసయ్య గారూ, మళ్లీ తీసుకుంటామన్నారు."

అతను చివరి వరుస దాకా చదివి కాగితాలు తిరిగిచ్చాడు.

"అర్జీ నేనెందుకు పెట్టాలె మేడం? గీ ఫైలు యాడుంటదో మీకు సంతకం పెట్టిననాడే ఎరుక. గాయన అడగలే, సరే. మీరు గూడ నన్నొక్క మాట అడగకపోతిరి."