మా ఊట బావగారు

మా బావగారికి లోకంలో ఎక్కడ తడి కనిపించినా అనుమానమే. నేలమీద నాలుగు చుక్కలు పడి ఉంటే చాలు, మోకాళ్లమీద కూర్చుని, వేలితో అద్ది, వెలుగులో పెట్టి చూసి, "ఈ తడి ఎక్కడిది?" అని అడుగుతారు. మామూలుగా కాదు, దొంగని పట్టుకున్న పోలీసు అడిగినట్టు. మా అక్క ఆయనతో ఇరవై ఆరేళ్లుగా కాపురం చేస్తోంది. ఒకసారి సినిమాహాల్లో కళ్లు తుడుచుకుంటుంటే పక్కసీట్లోంచి అదే ప్రశ్న వచ్చిందట. "ఏడుస్తున్నానండీ" అంది అక్క. ఆయన వంగి చూసి, "సరే, తేటగానే ఉంది" అని మళ్లీ తెరవైపు తిరిగారు.

ఉద్యోగం అలాంటిది లెండి. ఊరి చివర ఒక షికారు చెరువుంది. తొక్కుడు పడవలు, చుట్టూ నడకదారి, సెలవురోజైతే జనమే జనం. ఆ నీళ్లని ఆపి ఉంచేది రెండంతస్తుల ఎత్తు మట్టికట్ట. దాన్ని కనిపెట్టుకుని ఉండేది బావగారు. కట్ట దిగువన పార్కు, పార్కు గేటు పక్కన నా క్యాంటీను, క్యాంటీను వెనక ఒకే వరసలో పదకొండు ఇళ్లు. ఇంటికెళ్తే అక్క మొగుడుగా సరే, పొద్దుట్నించి సాయంత్రందాకా కూడా ఆయన నా నెత్తిమీదే ఉంటారన్నమాట.

మట్టికట్ట అన్నాక కొంచెం ఊట ఉంటుంది. ఆ ఊట కట్ట అడుగున చిన్న కాలువలోకి వచ్చి పడుతుంది. రోజూ పొద్దున్నే బావగారు అక్కడ లీటరు డబ్బా పెట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెడతారు. అప్పుడు చచ్చినా పలకరించకూడదు. ఆ సంగతి తెలియక మొదట్లో నేను, "టీ తాగుతారా బావగారూ?" అన్నాను.

"ముప్పై ఏడు, ముప్పై... అబ్బా! ఎంతదాకా వచ్చాను?"

"నాకేం తెలుసు?"

"నీకూ తెలీదు, ఇప్పుడు నాకూ తెలీదు" అని డబ్బా బోర్లించి, మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకున్నారు. నా చేతిలో టీ చల్లారి మీగడ కట్టింది.

లెక్క అయ్యాక ఊటనీళ్లని గాజుగ్లాసులో పట్టి ఎండకి ఎత్తి చూస్తారు. ఆ గ్లాసు నా క్యాంటీనుదే. "చూడమ్మాయ్, తేటగా వస్తే భయం లేదు. బురదగా వచ్చిందా, కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు లెక్క." ఈ పాఠం నాకెన్నిసార్లు చెప్పారంటే, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేస్తాను. ఆ అలవాటుతో నా బల్లలమీది గ్లాసులు కూడా ఎత్తి చూసేవారు. ఒకరోజు ఒకాయన తాగబోతున్న గ్లాసు లాక్కుని, "ఇది బురదగా ఉందేమిటి?" అని అరిచారు.

"అది టీ, బావగారూ!" అన్నాను లోపల్నుంచి. ఆ మనిషి మళ్లీ నా క్యాంటీను గడప తొక్కలేదు.

పార్కు మేనేజరుకీ ఈయనకీ అసలు పడదు. మేనేజరు ముచ్చటపడి కట్టమీద వరసగా పూలచెట్లు నాటించాడు. పొద్దునకల్లా అన్నీ వేళ్లతోసహా పీకి, తడిగుడ్డ చుట్టి, మేనేజరు ఆఫీసు వరండాలో పేర్చి ఉన్నాయి. వేళ్లు లోపలికి దిగితే వాటి వెంట నీళ్లు దారి చేసుకుంటాయని బావగారి వాదన. మేనేజరు నేరుగా నా దగ్గరకొచ్చాడు.

"ఆయన మీ బావగారే కదా?"

"మా అక్కకి మొగుడండీ. నాకేం సంబంధం లేదు."

ఇక ఆ పదకొండు ఇళ్ల గొడవ వేరే. వారానికోసారి ఇంటింటికీ వెళ్లి, "ఎక్కడైనా తడి ఉందా?" అంటూ వంటగదులూ పెరళ్లూ తిరిగేవారు. ఫిర్యాదులన్నీ నాకు. దర్జీ టేపు మెళ్లో వేసుకునే పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, మీ బావగారు మా మంచం కింద దూరారు!"

"ఏమంటారు?"

"తడి ఎక్కడిదంటారు. ఇంట్లో చంటివాడున్నాడు తల్లీ, ఇంకెక్కడిది!"

చివరింట్లో ఒక పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది. చెవులు వినపడవు. ఈయన "తడి!" అని అరిస్తే ఆవిడ, "గడియారమా? ఆగిపోయింది నాయనా" అంటుంది. ఈయన కూర్చుని ఆ గడియారం విప్పదీసి గంటసేపు బాగుచేస్తారు. పోనీ తడి సంగతి మర్చిపోతారా అంటే, బిగించడం అయ్యాక మళ్లీ అరుస్తారు.

"బావగారూ, తడి చూడాల్సింది కట్టకింద కదా, జనం ఇళ్లల్లో మీకేం పని?" అని నేను గట్టిగానే అడిగాను.

"పనుంది" అన్నారు. ఆయన్ని కదిపి లాభం లేదు.

ఒక యేడు మేనేజరు పడవపందేలు పెట్టాడు. ఆదివారం పందేలు. చెరువు నిండుగా ఉంటే అందంగా ఉంటుందని తూము మూయించి, నీళ్లు అంచుదాకా నిలవబెట్టించాడు. బావగారు వద్దంటే వద్దన్నారు, కాగితం రాసిచ్చారు. మేనేజరు ఆ కాగితం సొరుగులో పడేశాడు. నేనూ మేనేజరు పక్షమే, దాచడమెందుకు. రెండొందల బన్నులు దింపించుకున్నాను, పెద్ద పాత్రలు అద్దెకి తెచ్చుకున్నాను.

శనివారం పది గంటలప్పుడు బావగారు క్యాంటీనులోకి వచ్చారు. చేతిలో గ్లాసు. దేన్నీ అద్ది చూడలేదు, ఏ ప్రశ్నా అడగలేదు. గ్లాసు బల్లమీద పెట్టారు. అందులో నీళ్లు అచ్చం టీ రంగులో ఉన్నాయి.

"అమ్మాయ్, పొయ్యి ఆర్పి బయటకి పద."

"ఇప్పుడా? పాలు పొంగుతున్నాయి! మీకు రోజూ ఉండేదే..."

ఇంక వినలేదు. లోపలికొచ్చి గ్యాసు కట్టేసి, నా చెయ్యి పట్టుకుని, అరుస్తున్నదాన్ని అరుస్తున్నట్టే గుట్టమీది బడిదాకా నడిపించుకుపోయారు. ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. అందరూ చూస్తున్నారు. పరువు పోయిందని నా ఏడుపు.

నన్ను వదిలి తూము దగ్గరకి పరిగెత్తారు. అరవయ్యేళ్ల మనిషి అలా పరిగెత్తగలరని నాకు తెలీదు. అప్పటికే ఇంజనీర్లకి ఫోను చేశారట. తూము చక్రం తిప్పుతుంటే మేనేజరు రొప్పుతూ వచ్చాడు.

"ఎవర్నడిగి తూము ఎత్తుతున్నారు? రేపు పందేలు!"

"నా ఉద్యోగం తర్వాత తీసేద్దురుగాని. ముందు పడవల్లో వాళ్లని ఒడ్డుకి పిలవండి. తర్వాత ఇటొచ్చి చెయ్యెయ్యండి, బిగుసుకుపోయింది."

మేనేజరు ఒక్కక్షణం ఆయన మొహం చూశాడు. గట్టిగా ఈల ఊది పడవల్ని పిలిచి, వచ్చి చక్రం పట్టుకున్నాడు.

ఈలోపు బావగారు జేబుపుస్తకంలోంచి చింపి ఇచ్చిన కాగితాలు పట్టుకుని ముగ్గురు తోటమాలులు ఇళ్లవైపు వెళ్లారు. అరగంటలో పదకొండు ఇళ్లూ ఖాళీ. తొక్కిసలాట లేదు, ఎవర్నీ మర్చిపోలేదు. చివరింటి పెద్దావిడ కుర్చీలో కూర్చునే గుట్ట ఎక్కింది, ఒళ్లో నల్లసంచితో, ఊరేగింపుకి వెళ్తున్నట్టు.

మధ్యాహ్నానికి ఇంజనీర్లు వచ్చారు. కట్టలో ఎప్పటిదో పాతపైపు తుప్పుపట్టి చిల్లుపడింది. దాని చుట్టూ మట్టి కొట్టుకుపోయి చెయ్యి దూరేంత బొరియ అయింది. నీళ్లు అంచుదాకా అలాగే ఉండి ఉంటే మర్నాటిదాకా కట్ట ఆగేదని తాము చెప్పలేమన్నారు. తూము ఎత్తారు కాబట్టి నీళ్లు దిగుతున్నాయి, ఊట తగ్గుతోంది. ఇసకా కంకరా పోసి అణిచారు. సాయంత్రానికి, ఇక భయం లేదన్నారు.

ఒక తోటమాలి వచ్చి, "ఈ కాగితాలు మీ బావగారికిచ్చెయ్యండమ్మా" అన్నాడు. చదివాను. తడి అన్న మాట ఎక్కడా లేదు.

'మూడో ఇల్లు. దర్జీ. చంటివాడు వెనకగదిలో పడుకుంటాడు. ముందు వాణ్ణి తియ్యాలి. పెరటి గడియ లోపల్నుంచి.'

'చివరి ఇల్లు. పెద్దావిడ. తలుపు కొట్టి లాభం లేదు, కిటికీ ముందు చెయ్యూపాలి. మోకాళ్లు వంగవు, కుర్చీతో ఎత్తాలి. మందులు నల్లసంచిలో.'

ప్రతి ఇంటికీ ఇలాగే. ఎవరు పురిటికొచ్చారు, ఎవరి కాలు విరిగింది, వారంవారం కొట్టేసి తిరగరాసినవి.

బావగారు అప్పుడే బడి పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. వెళ్లి నిలదీశాను.

"ఇదా మీరు చేస్తున్నది? ముందే చెప్పి ఉంటే ఇన్నాళ్లూ అందరిచేతా తిట్లు తప్పేవిగా?"

"కట్ట తెగితే నిన్నెలా మొయ్యాలి పెద్దమ్మా అని అడిగితే, ఆవిడకి మళ్లీ నిద్ర పడుతుందా? తడి ఉందా అని అడిగితే నన్ను తిట్టుకుని హాయిగా పడుకుంటుంది."

చేతిలో ఆఖరి కాగితం ఒకటి మిగిలింది, తిప్పి చూశాను.

'క్యాంటీను. మరదలు. ఎవరి మాటా వినదు. వాదన పెట్టుకుంటే టైము దండగ. ముందు గ్యాసు కట్టెయ్యాలి. ఈమెని ఇంకెవరికీ అప్పగించొద్దు. నేనే వెళ్లాలి.'

రెండుసార్లు చదివాను. అయినా ఊరుకుంటానా?

"ఏమిటీ రాతలు? నేను ఎవరి మాటా విననా? మార్చి రాయండి!"

ఆయన కాగితం తీసుకుని, చెవి వెనక పెన్సిలు లాగి, గోడకి ఆనించుకుని శ్రద్ధగా ఒక ముక్క కలిపారు. లాక్కుని చూశాను.

'చదివింది. అరుస్తోంది. బాగానే ఉంది.'