కంప అవతలి ముఖం

సొంత జీవితాన్ని బొమ్మల కథగా గీసుకున్నవారి పుస్తకాలను సరిచూసి అచ్చుకు సిద్ధం చేయడం చాలా ఏళ్లుగా నా పని. దేశమంతా అతలాకుతలమైన కాలంలో ఒక ఇంట్లో ఏం జరిగిందో ఈ పుస్తకాలు చెప్పే తీరు నాకు ఇష్టం. ప్రభుత్వ కాగితాల్లో లాక్‌డౌన్ ఒక ఉత్తర్వు. బొమ్మల పుస్తకంలో అది బోల్టు పెట్టిన తలుపు, మూడు రోజులుగా దండెం మీదే ఉండిపోయిన చొక్కా. తిరుపతిలో పెళ్లిపత్రికలు డిజైన్ చేసే హేమావతి పుస్తకం అలాంటిదే. పెళ్లిళ్లు ఆగిపోయి చేతిలో పని లేని ఆ నెలల్లో ఆమె తన తండ్రి చివరి రోజును గీసింది. ఆయన చిత్తూరు ఆసుపత్రిలో గుండెపోటుతో పోయాడు. సొంత చేనులో పూడ్చిపెట్టాలని హేమావతి అంబులెన్సులో తీసుకువస్తే, జబ్బు అంటుకుంటుందన్న భయంతో ఊరివాళ్లు దారికడ్డంగా ముళ్లకంప వేసి వెనక్కి పంపారు. చివరికి చిత్తూరు శ్మశానంలో దహనం చేయవలసి వచ్చింది. ఆ పుస్తకం చదివినవారు ఈపాటికి దాన్ని గుర్తుపట్టి ఉంటారు. దాని పేరు, ఐరాల దాటాక వచ్చే ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, మనుషుల పేర్లు మార్చాను. కారణం చివరికి తెలుస్తుంది.

ఫిబ్రవరిలో రెండో ముద్రణకు సిద్ధమవుతుండగా ఆ ఊరి నుంచి కబురు వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ అంతా ఒకే బొమ్మ ఉంటుంది. అడ్డంగా కంప, దాని అవతల తలపాగా చుట్టుకున్న ఒక మనిషి, ఆయన మోచేతి మీద పెద్ద కాలిన మచ్చ. ఆయన వెనుక ఉన్నవాళ్లకు ముఖాలు లేవు, మోకాళ్ల కింది కాళ్లే కనిపిస్తాయి. ఆ ముఖం మునస్వామిది. పుస్తకం వేసేవాళ్లను ఒకసారి రమ్మని అడుగుతున్నది ఆయనే.

ఉదయం ఏడున్నరకు తిరుపతి బస్టాండుకు దగ్గరలోని ఒక టిఫిన్ హోటల్లో హేమావతిని కలిశాను. ఆమె ఇడ్లీ తుంచుతూ ఉంది గాని తినడం లేదు.

“మొహం తీసేయమంటాడు, ఇంకేముంది సార్. తీసేస్తే మా నాయన్ని ఆపిందెవరు? గాలా?” అంది. ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపి, “పేరు కూడా రాయలేదు నేను. మామా అని పిలిచేదాన్నని రాయలేదు. ఇంకేం తగ్గించేది?” అంది.

మునస్వామి ఆమె తండ్రికి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ ఒకే పెనం దగ్గర బెల్లం వండినవాళ్లు. పేజీ ఉంచాలో మార్చాలో ఆయన మాట విన్నాక చెప్పమని, ఆ నిర్ణయం హేమావతి నాకు వదిలింది. తాను మాత్రం ఆ రోజు తర్వాత ఆ దారిన పోలేదు, పోలేనంది.

తిరుపతి నుంచి కాణిపాకానికి నేరుగా బస్సులు ఉన్నాయి. టికెట్టు నూటికి కాస్త పైన ఉంటుంది, రెండు గంటలకు తక్కువ పట్టదు. చంద్రగిరి కొండలు వెనకబడ్డాక మామిడి తోటలు మొదలవుతాయి. ఆ నెలలో పూత వాసన బస్సు లోపలికే వస్తుంది. పూతలపట్టు దగ్గర బస్సు కాణిపాకం వైపు మళ్లింది. గుడి ముందు దిగి, వరుసలో ఉన్న భక్తులను దాటుకుని ఆటోల వైపు నడిచాను. ఐరాల మీదుగా పోయి రావడానికి, అక్కడ ఆగడానికి కలిపి ఐదు వందలకు బాషా అనే డ్రైవరు ఒప్పుకున్నాడు. ఊరి పేరు చెప్పగానే నా సంచి వైపు చూశాడు.

“బొమ్మల బుక్కు సారా మీరు?”

“ఎట్లా తెలిసింది?”

“కాలేజీ పిల్లోళ్లు వస్తా ఉంటారు సార్. కంప యాడ ఏసినారు, సూపించన్నా అంటారు. ఇప్పుడు యాడుండాది కంప? ఏదో ఒక తుమ్మచెట్టు కాడ ఆపుతా. ఫోటోలు తీసుకుంటారు, పోతారు.” నవ్వి, మళ్లీ తనే నవ్వు ఆపేశాడు. “ఆ ముసలాయన్నే అడిగినారంట ఒకసారి, ఈ బొమ్మలో ఉండేది ఎవురు పెద్దాయనా అని. ఆయన సంతకు పోయేది కూడా మానేసినాడు.”

ఐరాల దాటాక రోడ్డు సన్నబడింది. రెండు పక్కలా చెరుకు. పొగ కనబడిన చోట బాషా ఆటో ఆపాడు. కొట్టం కింద వెడల్పాటి ఇనుప పెనంలో చెరుకు రసం ఉడుకుతోంది. చెరుకు పిప్పి ఎగదోస్తూ పొయ్యి ముందు మునస్వామి భార్య చెంగమ్మ కూర్చుని ఉంది. పెనం పక్కన పొడవాటి గరిటెతో నురుగు తీస్తున్న ఆమె భర్త చేతి మీద నేను కాగితం మీద ఎన్నోసార్లు చూసిన మచ్చ ఉంది. ఎవరినని చెప్పుకోవలసిన పని లేకపోయింది. ఆయన తల ఊపి, నురుగు తీస్తూనే ఉన్నాడు.

“పాకం ముదురుతా ఉండాది అప్పా, నిలబెట్టి మాట్లాడిస్తానని అనుకోవాకు,” అన్నాడు.

పెనం దించేదాకా ఆగాను. వేడి బెల్లం ఆకులో పెట్టి చెంగమ్మ నా చేతికిచ్చింది. అప్పుడు మునస్వామి చెయ్యి కడుక్కుని, ఆ పేజీ తీయమన్నాడు. నేను తీసి ముందు పెట్టాను. ఆయన వేలు ముఖం మీద ఆగకుండా వెనుకనున్న కాళ్ల దగ్గరికి పోయింది.

“ఈ చెప్పులోడు మా వార్డు మెంబరు. ఈ పంచె మా సిన్నాయన కొడుకు...”

“కళ్లద్దాల్లేకుంటే నీ చెప్పులు నీకు కనపడవు, ఊరోళ్ల కాళ్లు కనపడతాయా నీకు?” అంది చెంగమ్మ.

“నేను ఆడ నిలబడినా కదే, నాకు తెల్దా?” ఆయన పుస్తకం మూశాడు. “వాళ్లంతా ఇప్పుడు ఈ బొమ్మ సూసి, సూడబ్బా మునస్వామి ఎట్ల ఆపినాడో అంటారు. నాతోనే అంటారు. నవ్వుతారు గూడా.”

హేమావతి అనుకున్న మాటే వస్తుందనుకుని, ముఖం మార్చమంటారా అని అడిగాను.

“ఎందుకు మార్చేది? ఆ పాప సూసింది నన్నే గదా. నిజమే గీసింది.” పెనంలో మిగిలిన బెల్లం గోకుతూ చెప్పాడు. “ఆ పొద్దు అందరూ కంప ఎనకాల ఉన్నారు. వ్యాను కనపడగానే, నువ్వు పో ముందరికి, నువ్వు సెప్తే వాళ్లు ఇంటారు, నువ్వు వాడి సావాసగాడివి అని తోసినారు. పొయినా. వద్దు పాపా, ఎనిక్కి తీసకపో అన్నా. ఇన్నది ఆ పాప. ఇంకెవురు సెప్పినా ఇనేది కాదు, దిగొచ్చి కంప పీకేసుండేది.”

చెంగమ్మ ఇంకో దోసెడు పిప్పి ఎగదోసింది. పొయ్యిలో పిప్పి చిటపటలాడింది.

“తెల్లారి నేనే పీకినాను, ఒక్కన్నే. ఏం లాభం? అప్పటికే చిత్తూర్లో కాల్చేసినారు.” గరిటె పక్కన పెట్టి లేచాడు. “రా అప్పా. నిన్ను పిలిచింది దీనికి కాదు.”

హేమావతి తండ్రి చేను బావి అవతల ఉంది. జబ్బు చేసిన ఏడు ఆయనే దాన్ని మునస్వామికి గుత్తకు ఇచ్చాడు. ఆ ఒప్పందం ఆయన పోయాకా సాగింది. గుత్త సొమ్ము తిరుపతిలో హేమావతితో ఉంటున్న వాళ్లమ్మ ఖాతాలో పడుతుంది, కూతురు ఆ సంగతి ఎత్తదు. ఆకులు చేతులు కోస్తుంటే చెరుకు సాళ్ల మధ్య ఆయన వెనకే నడిచాను. లోపలికి పోయాక హఠాత్తుగా వెలుతురు వచ్చింది. చుట్టూ మనిషిని మించిన చెరుకు, నడుమ ఏమీ నాటని నేల. గడ్డి పీకి, మట్టి సదును చేసి ఉంది. ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకోగలిగినంత చోటు.

“పోయేవాడు పోయే ముందర సెప్పినాడు, బావి కాడ కాదు, నడిమధ్యన పెట్టండిరా, నీళ్లు తగలని కాడ అని. ప్రతి ఏడూ ఈడ నాటకుండా ఇడిసిపెడతా ఉండా.” పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు. “దీన్ని గీయమని అడగను. బూడిద ఎప్పుడో ఏట్లో కలిపేసుంటారు. ఈడ పెట్టేదానికి ఏమీ లేదు, నాకు తెలుసు. ఆ పాప ఒకసారి వచ్చి సూసి పోతే చాలు. చెరుకు ఉన్నప్పుడే రమ్మను. కొట్టేస్తే అంతా ఒకే నేల, ఏదీ తెలియదు.”

ఫోటో తీయమంటారా, పంపుతాను అన్నాను. ఆయన వద్దని తల ఊపాడు.

తిరుగుదారిలో కాణిపాకం దాకా పోకుండా ఐరాలలోనే ఆటో దిగి, సాయంత్రానికి బస్సులో చిత్తూరు చేరాను. బస్టాండులో ఒక మూల నిలబడి హేమావతికి ఫోన్ చేశాను. ఆయన ముఖం తీయమనలేదన్నాను. ముందుకు ఎవరు తోశారో, ఎందుకు తోశారో చెప్పాను. చేనులో ఖాళీ సంగతి చెప్పినప్పుడు ఒకే ప్రశ్న వేసింది.

“తల ఎటు పక్కకొచ్చేట్టు వదిలినాడు సార్?”

పొడవు తూర్పు పడమరలుగా ఉందని, తల ఎటో అడగలేదని చెప్పాను. “దక్షిణం వైపు ఉండాల,” అంది. “నేనొచ్చి సరిచేయిస్తా.” ఎప్పుడన్నది చెప్పలేదు.

ఇది రాసేనాటికి చెరుకు కొట్టేశారు. బాషా ఫోన్ చేసి చెప్పాడు. హేమావతి వెళ్లలేదు. రెండుసార్లు పూతలపట్టు దాకా పోయి, బస్సు మారకుండా తిరిగి వచ్చిందట. పేజీ మార్చవద్దని నేనే చెప్పాను, అలాగే అచ్చుకు పోయింది. అది తప్పని ఇప్పటికీ అనుకోను. అంబులెన్సు కిటికీలోంచి ఆమెకు కనిపించింది ఆ ఒక్క ముఖమే, ఆ బొమ్మలో ఉండవలసిందీ అదే. కానీ భయపడిన ఒక దేశమంతా కలిసి చేసిన పని ఒక బెల్లం వండే మనిషి ముఖం మీద మిగిలిపోయింది. అవతలి పక్క నుంచి అదే పొద్దును గీయగలవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. వచ్చే ఏడు కూడా ఆ చోటు వదులుతానని మునస్వామి బాషాతో చెప్పాడట. ఆయన వయసు తలుచుకుంటే నాకు ఆ మాట ధైర్యం ఇవ్వడం లేదు.

ఆ పుస్తకం చదివి ఆ వైపు వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. మధ్యాహ్నం లోపల ఐరాల చేరుకుంటే బెల్లం దించే వేళకు ఉంటారు, వేడిది కొనుక్కోండి. కంప ఎక్కడ వేశారని డ్రైవర్లను అడగకండి. పుస్తకం మాత్రం సంచిలోంచి తీయకండి. గరిటె పట్టుకున్న మనిషి చేతి మీద మచ్చ కనబడితే, చూపు బెల్లం మీదికి తిప్పుకోండి.