నీచు ముట్టని ఇంట్లో చేపల దాక

మా అత్త నాంచారమ్మ దగ్గర కుండ కొనడం కంటే ఆ ఇంటి పిల్లనడిగి పెళ్ళి చేసుకోవడం తేలికని మా ఊళ్ళో అనేవారు. కోడలిగా గడప తొక్కిన మొదటి వారంలోనే నాకా మాట అర్థమైంది. రేపల్లె నుంచి నిజాంపట్నం పోయే బస్సురోడ్డు పక్కనే మా ఇల్లు. ముందు అరుగు, పక్కన సారె తిప్పే చావిడి, వెనక కుండలు కాల్చే ఆవం. నేను మట్టి తొక్కేదాన్ని, మా ఆయన వీరభద్రం సారె మీద కుండ తీసేవాడు, అత్త అరుగు మీద కూర్చుని ఇచ్చేది. అమ్మేది అనడం లేదు చూడండి. ఆ మాట ఆమె చెవిన పడితే ఆ పూటకి మనకి అన్నం మీద ఆశ ఉండకూడదు.

"ఎందుకమ్మా కుండ?" అని మొదలుపెట్టేది. అన్నానికి అంటే, ఎంతమంది తింటారని అడిగేది. పప్పుకి అంటే, మీది కర్రల పొయ్యా ఊక పొయ్యా అనేది. నీళ్ళకి అంటే, "కడవ మోసేది నువ్వా, నీ కోడలా?" అని ఆరా తీసేది. కోడలైతే చిన్న కడవే ఇచ్చేది. అన్నీ అయ్యాక వేలి కణుపుతో కుండని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు చేతిలో పెట్టేది. ఆ పైన మొదట గంజి కాచమనీ, వేడి కుండని తడినేల మీద దించొద్దనీ పాఠం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, మా అరుగు ముందు నిలబడినవాళ్ళందరూ ఆవిడకి లోకువే.

ఒక్కదానికి మాత్రం ఆమె ప్రశ్నలు అడిగేది కాదు. "దాక కావాలి, చేపలకి" అని ఎవరైనా అంటే ముఖం పక్కకి తిప్పుకుని, చేతికందిన వెడల్పు మూతి కుండేదో ఇచ్చి పంపేసేది. మా ఇంట్లో నీచు ముట్టరు. మా మామగారి తాతల నాటి నుంచీ అందరూ శివభక్తులు. చేప మాట వింటేనే మా అత్త చెంగు ముక్కు దగ్గరికి పోయేది. నన్ను కూడా అలాంటి ఇల్లని విచారించే తెచ్చుకున్నారు.

నా పెళ్ళయ్యేనాటికి, అంటే అరవైల మొదట్లో, ఊళ్ళో రైతులు కళ్ళంలో మాకింత ధాన్యమని కొలిచి, ఏడాది పొడుగునా కుండలు పట్టుకెళ్ళేవాళ్ళు. పెళ్ళి జరిగితే మేళంతో మా గుమ్మానికి వచ్చి, పసుపు కుంకుమలు ఇచ్చి, సున్నం పూసి ఎర్రమన్ను చారలు దిద్దిన అరివేణి కుండలు తీసుకెళ్ళేవాళ్ళు. తర్వాత సత్తుగిన్నెలు దిగాయి. ఒకామె కొంటే పక్కింటామె కొంది. చూస్తూ ఉండగానే కళ్ళంలో మా కొలత ఆగిపోయింది. పెళ్ళివాళ్ళు సైతం రేపల్లె బజార్లో రంగు కుండలు కొనుక్కుని రిక్షాలో వేసుకుపోవడం మొదలుపెట్టారు. ఒక పెళ్ళి మేళం మా ఇంటి ముందు నుంచే ఆగకుండా వెళ్ళిపోయిన రోజున అత్త అరుగు మీద నుంచి లేచి లోపలికొచ్చి, బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ఆ బియ్యంలో రాళ్ళు లేవు, పొద్దున నేనే ఏరాను.

ఆ వేసవిలో కాల్చిన ఆవం సగం అమ్ముడుపోలేదు. మా ఆయన ఒకనాడు సారె ఆపి, "కొత్త ధాన్యం వచ్చేనాటికి రేపల్లె మిల్లులో బస్తాలు మోయడానికి పోతానమ్మా. మేస్త్రీతో మాట్లాడాను," అన్నాడు.

మా ఆయనకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఆవం పొగకే గోడ పట్టుకుని ఆయాసపడే మనిషి మిల్లు ఊకదుమ్ములో, బస్తా కింద ఎన్నాళ్ళు నిలబడతాడు? ఆయన పోతే సారె తిప్పేవాళ్ళూ లేరు. తల్లీకొడుకులిద్దరికీ ఆ సంగతి తెలుసు, అయినా ఆయన మళ్ళీ సారె తిప్పుకున్నాడు, ఆవిడ కుండలు సర్దుకుంది. నాకు ఒళ్ళు మండింది. అరుగు మీద కూర్చుంటే ఎవరొస్తారు, మనమే జనం ఉన్నచోటికి పోదాం అని నేనే అన్నాను.

"కుండ కావాల్సినవాళ్ళు కుమ్మరింటికి రావాలి గానీ, కుండ వీధులమ్మట తిరుగుద్దా?" అంది అత్త.

"సత్తుగిన్నె తిరుగుతోందిగా అత్తా," అన్నాను.

ఆమెకి నా మీద కోపం వచ్చింది, అయినా కాదనలేకపోయింది. బాపట్ల కాలేజీలో తోటల కోసం పూలకుండీలు కొంటారని మా ఆయన ఎక్కడో విని వచ్చాడు. అత్త దాన్ని కొట్టిపారేసింది. "అడుగున చిల్లి పెట్టి కుండ చెయ్యమంటావేంట్రా? మీ నాన్న జన్మలో చిల్లికుండ ఆవం దాటనివ్వలేదు."

నా ఓటు తెనాలికి. అది నా పుట్టినూరు. కూజాలూ కుండలూ గంపలో గడ్డి వేసి పేర్చుకుని రేపల్లెలో రైలెక్కాను. దారిలో ఒక పెద్దమనిషి తన ట్రంకుపెట్టె నా గంప మీద దించి, దాని మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు. తెనాలి చేరేసరికి అమ్మడానికి మిగిలినవి నా పుట్టింటివాళ్ళకి పంచడానికే సరిపోయాయి. పెంకులు దులుపుకుంటూ ఇంటికొస్తే అత్త తిట్టలేదు. "ఇంట్లో పుట్టిన కుండ, రైలెక్కి ఏం చూసొచ్చిందే?" అంది. తిట్టినా బాగుండేది.

ఇక మిగిలింది రేపల్లె బజారు. ఈసారి అత్త నాతో తనూ బయల్దేరింది, నా మీద నమ్మకం లేక. మేం వెళ్ళేసరికి మంచి చోట్లన్నీ అయిపోయాయి. ఎండుచేపలు అమ్మేవాళ్ళ పక్కన మాత్రమే ఖాళీ ఉంది. అత్త చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆ చెంగులోంచే ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. బజార్లో ఎవరికి తీరికమ్మా? ఎంతమంది తింటారని అడిగేసరికి ఒకాయన, "నేను జనాభా లెక్కలు చెప్పడానికి రాలేదు," అని వెళ్ళిపోయాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు.

పక్కన ఎండుచేపల బుట్ట ముందు కూర్చున్నామె ఇదంతా చూస్తూనే ఉంది. పేరు గంగాదేవి, నిజాంపట్నం. గట్టి మనిషి, మా అత్త కంటే ఒక పదేళ్ళు చిన్న. బేరాలు పలచబడ్డాక ఆమె లేచి వచ్చి మా దగ్గర కూర్చుంది.

"ఒక దాక ఇవ్వు పిన్నీ."

"ఎందుకమ్మా?"

"చేపలకి."

అత్త అలవాటు చొప్పున ముఖం తిప్పుకుని, చేతికందిన దాక అందించింది. గంగాదేవి అందుకోలేదు.

"ఇందాకట్నుంచి చూస్తన్నా పిన్నీ. పప్పుకి అంటే పది అడిగావు. నీళ్ళకి అంటే ఇంటి గుట్టంతా లాగావు. చేపలకి అంటే ఒక్కటీ అడగవేంటి? మేం తినేది తిండి కాదా?"

నేను బిక్కచచ్చిపోయాను. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడని వినడమే గానీ, కళ్ళారా చూడటం అదే. అత్త చాచిన దాకని కింద పెట్టింది. చివరికి, "మేం నీచు ముట్టమమ్మా. దాని సంగతి నాకు తెలీదు," అంది. నాకు తెలీదు అనే మాట ఆమె నోట వినడం నాకు అదే మొదటిసారి.

"అయితే నన్నడుగు, చెబుతా," అని గంగాదేవి దాకని ఒళ్ళో పెట్టుకుంది. "చేపల పులుసులో గరిటె పెట్టకూడదు, ముక్క చితికిపోద్ది. మసిగుడ్డలతో రెండు పక్కలా అంచు పట్టుకుని దాకనే తిప్పాల. నీ దాక అంచు చూడు, పల్చన, బయటికి వాలిపోయింది. గుడ్డ జారుద్ది. లోతు కూడా ఎక్కువ, ముక్క మీద ముక్క పడుద్ది. పోయినేడు మా చెల్లెలు మీ ఇంటికాడే కొంది. దాక జారి పులుసంతా పొయ్యి పాలైంది. దానికి మూడురోజులు ఏడుపు."

నాకు పౌరుషం వచ్చింది. "సత్తుగిన్నెలో వండుకోవచ్చుగా," అన్నాను.

"వండుతున్నాం. చేపల పులుసు మర్నాడు తింటేనే రుచమ్మా. సత్తుగిన్నెలో మర్నాటికి కనరెక్కుద్ది. మట్టిదాక ఉంటే దానికేసి చూస్తామా?"

ఆ సాయంత్రం ఇంటికొచ్చేదాకా అత్త ఒక దాకని ఒళ్ళో పెట్టుకుని దాని అంచు తడుముతూనే ఉంది. చెల్లెలి పులుసు పొయ్యిలో పడిన సంగతే ఆమె మనసులో పడి దొర్లుతోందని నాకు తెలుసు. తెల్లారాక నన్ను పిలిచి, "రత్నం, నిజాంపట్నం బస్సు ఎన్నింటికే?" అంది.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దారికి రెండు పక్కలా ఇసుక మీద చేపలు ఎండేశారు. మా అత్త రెండు చేతులతో ముక్కు మూసుకుని, దారి చూడటానికి నా భుజాన్ని మోచేత్తో పొడుస్తూ నడిచింది. గంగాదేవి మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయి, పీట వేసి, కొబ్బరిబొండాలు కొట్టించింది. ఆ ఇంట్లో అత్త పుచ్చుకున్నది ఆ బొండంనీళ్ళే. కానీ పొయ్యి దగ్గరికి పీట జరుపుకుంది.

పులుసు కాగుతుండగా గంగాదేవి మసిగుడ్డలు పట్టుకుని దాకని ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పింది. అత్త కళ్ళు పులుసు మీద లేవు, ఆ వేళ్ళ మీద ఉన్నాయి. "ఇంకోసారి తిప్పమ్మా," అంది. మళ్ళీ తిప్పించింది. "బొటనవేలు ఎక్కడ ఆనుద్ది?" అంది. అడుగుతూ అడుగుతూ ముక్కు మీది చెంగు ఎప్పుడు వదిలేసిందో ఆమెకే తెలీదు. రెండు చేతులూ ముందుకి చాపి, గాల్లో లేని దాకని పట్టుకుని తిప్పుతోంది. గంగాదేవి నాకేసి చూసి నవ్వు ఆపుకుంది. ఆ ముసలమ్మ మీద నాకు అంత ప్రేమ అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఇంటికి రాగానే కొడుకు నెత్తిన కూర్చుంది. మా ఆయన తీసిన మొదటి దాకని చూసి, "అంచు లావుగా ఉంది సరే, వేలు దూరే మెడ ఏదిరా?" అని పచ్చిదాన్ని మళ్ళీ మట్టిలో కలిపేసింది. రెండోది లోతైంది. మూడోది కాలాక కణుపుతో కొడితే ఖంగుమని పలికింది గానీ పరీక్ష ఎలా? ఇంట్లో చేప రాదు. అందుకని వంకాయలు ముక్కలు కోసి చింతపండు పులుసు పెట్టి, అదే చేప అనుకుని అత్త దాక తిప్పడం మొదలుపెట్టింది. ముక్క చితికితే దాకలో లోపం, చితక్కపోతే పాస్. దాక కుదిరేదాకా పొద్దునా సాయంత్రమూ మా ఇంట్లో వంకాయ పులుసే. మా ఆయన, "మిల్లులో చేరితే కనీసం పచ్చడి మెతుకులన్నా తిందును," అని గొణిగేవాడు. చివరికి ఒకరోజు ముక్కకి ముక్క విడిగా, తొడిమతో సహా నిలబడింది. అత్త ఆ దాకని దించి, ఊరికే కాసేపు దాని పక్కన కూర్చుంది.

ఆ రకం దాకలు ఒక ఆవం కాల్చాం. వీటిని ఎక్కడ పెట్టి అమ్మాలని మళ్ళీ తగువు. నిజాంపట్నంలో ఒక పాక వేద్దామని నేను, రేపల్లె బజారే నయమని మా ఆయన. అంతలో గంగాదేవి రేపల్లెలో సరుకు అమ్ముకుని తిరిగి వెళుతూ మా గుమ్మం ముందు బస్సు దిగింది. వెనకే మరో ఇద్దరు. ముగ్గురి చేతుల్లో ఖాళీ బుట్టలు.

"ఉత్త బుట్టలతోనేగా పోయేది. వీటిలో పెట్టివ్వు పిన్నీ, మా వాడలో అందరూ అడుగుతున్నారు," అంది.

చూశారా మా తెలివి. రోజూ ఖాళీ బుట్టలతో వెళ్ళే బస్సు మా అరుగు ముందు నుంచే పోతుంటే, నేను గంప నెత్తిన పెట్టుకుని తెనాలి రైలెక్కాను. అత్త మాత్రం ఆ బుట్టలకేసి చూసి తటపటాయించింది. అవి చేపల బుట్టలు. కడకు లోపలికి వెళ్ళి ఒక చేతి నిండా కొత్త గడ్డి తెచ్చి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, తనే ఆ బుట్టల్లో పరిచి దాకలు సర్దింది. సర్దుతూ, "ఎంతమంది తింటారమ్మా మీ ఇంట్లో? ఏ చేప వండుతారు? పెద్దదా, చిన్నదా?" అని అడగడం మొదలుపెట్టింది. గంగాదేవి నా వైపు చూసి కన్ను గీటింది.

కానీ మా ఆయన మేస్త్రీకి మాట ఇచ్చి ఉన్నాడు. దాకలు ఒక ఊరివాళ్ళు కొన్నంత మాత్రాన ఇల్లు గడుస్తుందా అని ఆయన బెంగ. పంట మిల్లులకి చేరుతోంది. ఏ రోజున కబురొస్తుందోనని నేను రోడ్డుకేసి చూస్తూ ఉండేదాన్ని.

మాఘమాసంలో ఒక ఉదయం బస్సు ఆగి, ముందు సన్నాయి దిగింది. తర్వాత డోలు. తర్వాత కొత్త చీరల్లో ఆడవాళ్ళు, వాళ్ళ ముందు పసుపు కుంకుమల పళ్ళెంతో గంగాదేవి. రోడ్డు మీదే మేళం అందుకున్నారు. ఊరు ఊరంతా బయటికొచ్చి చూస్తోంది. అత్త అరుగు మీద నుంచి లేచి, స్తంభం పట్టుకుని నిలబడింది.

"ఎందుకమ్మా?" అంది.

"మా అమ్మాయి పెళ్ళి పిన్నీ. అరివేణి కుండలకి వచ్చాం. బజార్లో కొన్నవి నాకొద్దు."

వాళ్ళు చావిడిలోకి వెళ్ళి సారెకి పసుపు పూసి బొట్టు పెట్టారు. మా ఆయన చేతులకి మట్టితోనే నిలబడితే, ఆయన భుజాన కొత్త పంచె వేశారు. ఆయన తల వంచుకుని దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

అప్పుడే మిల్లు మేస్త్రీ పంపిన మనిషి సైకిలు దిగి, ఆ మేళంలో దారి చేసుకుని వచ్చాడు. "వీరభద్రం ఉన్నాడాండి? రేపట్నుంచి పనిలోకి రమ్మన్నారు," అన్నాడు.

నేను మా ఆయనకేసి చూశాను. ఆయన వాళ్ళమ్మకేసి చూశాడు. అత్త కళ్ళు తుడుచుకుని, అరుగు మీద తన చోట్లో కూర్చుంది.

"మావాడికి తీరిక లేదు నాయనా. ఆవం పెట్టాలి," అంది. ఆ మనిషి వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచింది. "ఇంతదూరం వచ్చావు, ఒక దాక పట్టుకెళ్ళు. మీ ఇంట్లో ఏం వండుతారు?"