ట్రాక్టర్ తాత ఒప్పుకున్న తీర్మానం

ఆ రోజుల్లో మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లు, ఇంటికీ లోకానికీ మధ్య ఐదు కిలోమీటర్లు అని ప్రభుత్వం గీత గీసి అందరినీ కూర్చోబెట్టింది. గీత లోపల ఉండి ఎవరి ప్రతిభ వాళ్లు బయటపెట్టుకున్నారు. కొందరు రొట్టెలు కాల్చారు, కొందరు గడ్డాలు పెంచారు. ఐర్లండులోనే డ్రోహెడా పట్నంలో ఉండే మా పెద్దమ్మ కూతురైతే వీడియో చూసి మొగుడికి క్షవరం చేసింది, ఆ ఫొటో చుట్టాలందరికీ పంపింది, తర్వాత నెల్లాళ్లు ఆ ఇంట్లో మాటల్లేవు. నేను మాత్రం ఒక ఊరికి కార్యదర్శినయ్యాను. నవ్వకండి. పాతికేళ్ల పిల్లని, తెనాలి నుంచి ఐర్లండులో దిగి ఏడాది నిండలేదు, పోర్ట్‌లీష్‌కి అవతల ఒక చర్చి, ఒక కొట్టు, మూతబడ్డ రెండు పబ్బులు ఉన్న పల్లెటూళ్లో నర్సు ఉద్యోగం. (నేను పనిచేసేది నర్సింగ్ హోములో. మన దగ్గరలా ఆసుపత్రి కాదు, పెద్దవాళ్లు ఉండి సేవ చేయించుకునే చోటు.) అలాంటి నన్ను ఆ ఊరి కమ్యూనిటీ కౌన్సిల్‌కి సెక్రటరీని చేశారంటే, ఆ ఊరు ఎంత గతిలేక ఉందో మీరే ఊహించుకోండి.

కమ్యూనిటీ కౌన్సిల్ అంటే మన పంచాయతీకి చెల్లెలనుకోండి. అధికారం ఉండదు, నిధులు ఉండవు, అభిప్రాయాలు మాత్రం కావలసినన్ని. దానికి అధ్యక్షురాలు మా ఇంటి ఓనరమ్మ. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, పక్కింట్లోనే ఉండేది, ఎనభై ఏళ్ల మనిషిని కూడా "బెంచీ ఎక్కు" అనగలిగే గొంతు. కరోనా వచ్చాక మీటింగులు జూమ్‌లోకి మారేసరికి పాత సెక్రటరీ ముసలావిడ "నాకీ బొమ్మలాట తెలియదు" అని తప్పుకుంది. ఓనరమ్మ మా కంచె దగ్గర నిలబడి, "మాకు లాప్‌టాప్ ఉన్న మనిషి కావాలి, నీకు లాప్‌టాప్ ఉంది" అంది. పై నెలలో మా లీజు మళ్లీ రాయాలి. నేను వెంటనే ఒప్పేసుకున్నాను.

నిజం చెప్పొద్దూ, నాలో కొంచెం పొగరు కూడా ఉంది. మా నాన్న పంచాయతీ కార్యదర్శిగా ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. తీర్మానాల పుస్తకం మా ఇంట్లో బైబిలు పక్కనే ఉండేది. వేసవి సెలవుల్లో ఆయన చెబుతుంటే నేనే రాసేదాన్ని, "సభ్యులందరూ హర్షధ్వానముల మధ్య ఏకగ్రీవముగా ఆమోదించడమైనది" అని. (ఆ సభ్యుల్లో సగం మంది అప్పటికి పొలాల్లోనే ఉండేవారు, సాయంత్రం వచ్చి వేలిముద్రలు వేసేవారు.) "మినిట్స్ అంటే ఏముందే, జరిగినదానికి కాస్త పౌడరు అద్ది రాయడమే" అనేవాడు నాన్న. పుట్టుకతో వచ్చిన విద్య కదా, ఈ తెల్లవాళ్లకి ఒకసారి రుచి చూపిద్దామనుకున్నాను.

ఇక నా కష్టం సంగతి. మా ఇంటినుంచి నర్సింగ్ హోముకి రోడ్డు మీద రెండు కిలోమీటర్లు. ఫుట్‌పాత్ లేదు. రెండు పక్కలా ముళ్ల కంచెలు, మధ్యలో మలుపులు, మలుపుకో పాల లారీ. కరోనాతో బస్సు ఆగిపోయింది, ఒకరి కారులో ఒకరు ఎక్కొద్దన్నారు, నాకూ మా అక్కకీ కారు లేదు. (అక్కంటే సొంత అక్క కాదు. నెల్లూరు మనిషి, నాకంటే పదేళ్లు సీనియర్, అదే నర్సింగ్ హోము, అదే అద్దె ఇల్లు.) చలికాలం పొద్దున్నే ఏడింటికి చిమ్మచీకట్లో పసుప్పచ్చ జాకెట్లు వేసుకుని, ఫోన్ లైట్లు పట్టుకుని, ప్రభువా ప్రభువా అనుకుంటూ పోయేవాళ్లం. ఒకరోజు లారీ గాలికి అక్క కంచెలో పడి, మొహం నిండా ముళ్లతో డ్యూటీకి వచ్చింది. పెద్దవాళ్లు తమ బాధలు మర్చిపోయి ఆమెకి వైద్యం చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చాక అక్క ఏడ్చింది. "బతకడానికొచ్చి ఈ లారీ కింద పోయేట్టుండానే" అంది. 

దగ్గర దారి లేదా అంటే ఉంది. మా సందు చివర గేటు దాటితే పొలాల మధ్యగా బాట, పది నిమిషాల నడక, నేరుగా నర్సింగ్ హోము వెనక గుమ్మం. ఆ పొలం ట్రాక్టర్ తాతది. అసలు పేరు నేను రాయను, ఊరంతా ఆయనకి దణ్ణం పెట్టి దూరంగా ఉండేది. పూర్వం అందరూ ఆ బాటనే నడిచేవారట. లాక్‌డౌన్లో ఊరంతా కుక్కల్ని తీసుకుని అటే వాహ్యాళికి బయల్దేరి, గేటు వెయ్యడం మర్చిపోతే ఆయన దూడలు రెండు రోడ్డెక్కాయి. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి తోలిపెట్టారు. మర్నాడే గేటుకి తాళం పడింది. అడగబోయినవాళ్లకి కుక్క ఎదురొచ్చింది.

నవంబరు మీటింగులో నాలుగో అంశం ఆ గేటే. ట్రాక్టర్ తాత కూడా సభ్యుడే. కాకపోతే జూమ్‌ని కూడా ఫోనులాగే చెవి దగ్గర పెట్టుకునేవారు, కాబట్టి తెర మీద ఆ గడిలో ఎప్పుడూ ఒక పెద్ద చెవి ఉండేది. ఓనరమ్మ గొంతు తగ్గించి, చాలా మర్యాదగా, "నర్సింగ్ హోముకి నడిచి పోయే ఆడపిల్లల కోసమైనా ఆ గేటు తెరుస్తారా?" అని అడిగింది.  ఆ చెవి గడిలోంచి "ఐ విల్, యా" అని వినపడింది.  తెరుస్తాను, ఔను! ఇంతేనా? ఈ మనిషి గురించా ఇంత భయపెట్టారు?  ఒకాయన దగ్గాడు. ఐదో అంశం, బస్ షెల్టరుకి రంగు, అని ఓనరమ్మ ముందుకెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కూర్చుని నాన్న ఒరవడి మొత్తం ఇంగ్లీషులోకి దించాను. దాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "అంశము నాలుగు. నర్సుల కష్టమును గ్రహించి, విశాల హృదయులైన గౌరవ సభ్యులు తమ పొలములోని బాటను తెరుచుటకు సంతోషముతో సమ్మతించినారు. ఇటువంటి మనసున్న పెద్దలు ఉన్నంతకాలము ఈ గ్రామమునకు లోటు లేదని సభ కొనియాడడమైనది." అక్క చదివి, "ఏందిమే ఇంతగా పొగిడినావు? ఆయనకేమన్నా పెళ్లి సంబంధం చూస్తుండావా?" అంది. నేను వినలేదు. సభ్యులందరికీ మెయిల్ కొట్టాను, అలవాటు ప్రకారం ఒక కాపీ కొట్టు అద్దానికి అంటించాను.

ఇక ఊరు ఊగిపోయింది. ట్రాక్టర్ తాత ఔనన్నాడట! ఆయన ఇంటి ముందు గోడ మీద జామ్ సీసాలు వెలిశాయి, రొట్టెలు వెలిశాయి, బడి పిల్లలు ట్రాక్టరు బొమ్మ గీసి థాంక్యూ కార్డు పెట్టారు. ఆదివారం ఆన్‌లైన్ పూజలో ఫాదర్ గారు "దారిన పోయే పరాయివాణ్ణి ఆదుకున్న బైబిలు కథలోలాగా, మన మధ్య కూడా మంచి సమరయులున్నారు" అని పేరు పెట్టి మరీ చెప్పారు. తాళం మాత్రం గేటుకి అలాగే వేలాడుతోంది. పనుల ఒత్తిడేమో, పెద్దాయన కదా అని సర్దిచెప్పుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం మా ఇంటి ముందు ట్రాక్టరు ఆగింది. ఆయన దిగి, రెండు మీటర్లు సరిగ్గా కొలిచినట్టు నిలబడి, జేబులోంచి మడత కాగితం తీశారు. చెవి కాకుండా మిగతా మనిషిని చూడడం నాకదే మొదలు. (వాళ్ల మాటలు తెలుగులోనే చెబుతున్నాను. అసలు యాసలో చెబితే మీరూ నాలాగే బోల్తా పడతారు.)

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనే సర్."

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"మీరే అన్నారు కదా సర్, ఐ విల్, యా అని."

ఆయన కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. పిచ్చిదాన్నా, గడుసుదాన్నా అని తేల్చుకుంటున్నట్టుంది. చివరికి చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. "అమ్మాయ్, ఈ దేశంలో ఆ మాట ఆ గొంతుతో అంటే, చచ్చినా చెయ్యనని అర్థం. వచ్చే మీటింగులో కొట్టేయించు." ట్రాక్టరెక్కి వెళ్లిపోయారు. కర్టెను వెనక అక్క కిసుక్కున నవ్వడం, ఆ నవ్వు మధ్యలో ఆగిపోవడం రెండూ వినపడ్డాయి. బాట పోయినట్టే కదా మరి.

నాకు నామీదే ఒళ్లు మండింది. ఇంత మాత్రం తెలియదా నాకు? పెళ్లిపిలుపుకి వచ్చినవాళ్లతో మా అమ్మ "అయ్యో, రాకుండా ఉంటామా" అంటే వెళ్లదని, మా మేనమామ "చూద్దాంలే అమ్మాయ్" అంటే ఇక ఎప్పటికీ చూడడని ఊహ తెలిసినప్పటినుంచీ తెలిసినదాన్ని. తెలుగులో పట్టుకునేదాన్ని ఇంగ్లీషులో ఎలా వదిలేశాను? తిన్నగా ఓనరమ్మ దగ్గరికి పోయి కంచె ఇవతలినుంచే భోరుమన్నాను. ఆవిడ పూలమొక్కకి నీళ్లు పోస్తూ, "ఓ అదా. నాకు తెలుసుగా" అంది.

"తెలుసా?"

"అందరికీ తెలుసు, తల్లీ. నువ్వు రాశాక, ఇంత బాగా రాసిందాన్ని చెడగొట్టడం ఎందుకులే అని ఊరుకున్నాం. నువ్వూ ఊరుకో, గ్రాండ్."

గ్రాండట, అంటే ఏం ఫర్లేదట! ఊరు ఊరంతా నన్ను అడ్డం పెట్టుకుని ఆ ముసలాయన్ని పొగడ్తలతో బుట్టలో వేసి గేటు తెరిపించాలని చూస్తోందన్నమాట. పైగా ఆ బాట తెరిస్తే రోజూ నడిచేది నేనూ అక్కా. రేపు ఎవరైనా, ఈ ఇండియా పిల్ల తన దారికోసం దొంగ తీర్మానం రాసుకుంది అంటే? అక్క రాత్రంతా నన్ను సాధించింది. "నోరు మూసుకోనుండు మే. నువ్వు చెప్తే పాయె, ఇంక ఎప్పటికీ ఆ లారీల కిందికే పోవాల." ఆమె మొహం మీద ముళ్ల గీతలు ఇంకా మానలేదు. చెబితే అక్కకి అన్యాయం, చెప్పకపోతే ఆయనకి అన్యాయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డిసెంబరు మీటింగులో ఓనరమ్మ గబగబా, "గత సమావేశం మినిట్స్, అందరికీ సమ్మతమే కదా, సరే" అనేసింది. నేను చెయ్యెత్తాను. పక్కన సోఫాలో అక్క తల పట్టుకుంది. "నాలుగో అంశంలో తప్పుంది. ఆయన ఒప్పుకోలేదు. నాకు భాష సరిగ్గా అర్థం కాలేదు. తప్పు నాది, ఆయనది కాదు. దయచేసి దిద్దండి" అన్నాను. తెర మీద పన్నెండు మొహాలూ కిందికి చూశాయి. ఓనరమ్మ కూడా. 

అప్పుడు చెవి కదిలింది. ఏదో మాట్లాడుతున్నారు, వినపడడం లేదు. "మీరు మ్యూట్‌లో ఉన్నారు!" అని పన్నెండు మందీ ఒకేసారి అరిచారు. చెవి పోయి ముక్కొచ్చింది, ముక్కు పోయి వంటింటి పైకప్పు వచ్చింది, చివరికి మొహం మొత్తం వచ్చింది. వెనకాల బల్ల మీద జామ్ సీసాలు వరసగా ఉన్నాయి. రెండు ఖాళీ.

"ఆ అమ్మాయిని ఆ నాలుగోది ఒకసారి పైకి చదవమను" అన్నారు.

చదివాను. విశాల హృదయులైన, అన్నచోట సిగ్గుతో గబగబా చదివేశాను. ఇటువంటి మనసున్న పెద్దలు ఉన్నంతకాలము, అన్నచోట ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకు డెబ్భై ఆరేళ్లు" అన్నారు. "నా గురించి ఇలాంటి మాట ఎవరూ రాయలేదు. నేను పోయాక కూడా రాయరు. పైగా జామ్ తినేశాను. దాన్ని దిద్దకండి."

మర్నాడు పొద్దున వెళ్లేసరికి గేటుకి తాళం లేదు. నీలం రంగు తాడు ముడి, దాని మీద అట్టముక్క: "గేటు వేసి వెళ్లండి. దూడలకి చదువు రాదు." అక్క ఆ ముడి విప్పుతూ, చీకట్లో, పసుప్పచ్చ జాకెట్లో, పిచ్చిదానిలా నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నాకు కారుంది, ఈ దేశం మాటతీరూ ఒంటబట్టింది. ఎవరైనా ఔనంటే ముందు గొంతు వింటాను, కనుబొమ్మ చూస్తాను, తర్వాతగానీ నమ్మను. ఈ మధ్య పాత మెయిళ్లు తీసేస్తుంటే ఆ మినిట్స్ కనిపించాయి. అబ్బ, ఎన్ని తప్పులో, ఎంత పౌడరో! ఒక ముసలాయన చచ్చినా చెయ్యనన్నదాన్ని పట్టుకుని హృదయం, ఔదార్యం అని పొంగిపోయి రాసేసిన ఆ తెనాలి పిల్లని చూస్తే నవ్వొచ్చింది, కాస్త అసూయ కూడా కలిగింది. ఆ పిల్లే గనక ఇప్పుడు లాప్‌టాప్ ముందేసుకుని, "ఆయన ఏమన్నాడు, ఔననేనా?" అని నన్ను అడిగితే, నాకంతా తెలిసి కూడా, ఔనన్నాడే, రాసుకో అంటాను.