మామ హార్మోనియానికి నా గ్యారంటీ

హార్మోనియం మెట్ల మీద అతికించిన తెల్ల బిళ్లలు ఎంతకాలం ఉండాలి? మా మేనమామ జన్మంతా ఉండాలనేవాడు. హారతి దాకా ఉంటే చాలదా అంటాను నేను. ఈ కాస్త తేడాకే పోతిరెడ్డిపల్లి మొత్తం నన్ను దొంగను చూసినట్టు చూసింది! ఆనాటి ఘోరం విని మీరే న్యాయం చెప్పండి.

డెబ్బైల్లో నేను పటాన్‌చెరు ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. మిషన్ల బెల్టులు అతికించే పని. ఊళ్లో శనివారం భజనకు మామే పెద్ద. నాకు గొంతు లేదని (అది ఆయన అభిప్రాయం!) ఎప్పుడూ జంపఖానా పరిచే పనే ఇచ్చేవాడు. ఇంతలో ఆయన హార్మోనియం బిళ్లలు ఊడిపోయాయి.

"నేను అతికిస్త మామా. గని నాకొక పాట ఇయ్యాలె."

"ఎన్ని రోజులుంటయిరా?"

"నువ్వున్నన్ని రోజులు! లారీని గోడకు అతికిచ్చే జిగురు!"

"సరే. నిలిస్తే హారతి పాట నీదే."

శనివారం సాయంత్రం ఫోర్‌మన్‌ను అడిగి డబ్బా తెచ్చాను. భక్ష్యాల మీద నెయ్యి పోసినట్టు పోసి, కొత్త బిళ్లలు అంటించాను. అంచుల్లోంచి జిగురు పొంగింది. పొంగితే బలమే కదా!

"ఆరిందారా?" భజనకు కూర్చుంటూ అడిగాడు మామ.

"రాయి అయింది మామా, కానీయ్!"

మామ రాగం అందుకున్నాడు. నొక్కిన మెట్టు కిందికి పోయింది గానీ, వేలు పైకి రాలేదు. హార్మోనియం ఈనబోయే బర్రెలా ఒకటే అరుపు.

"ఏందిరా ఇది, ఇడుస్తలేదు!"

"గట్టిగ గుంజు మామా!"

గుంజాడు. వేళ్లొచ్చాయి. వేలికొకటి చొప్పున బిళ్లలూ వచ్చాయి.

"గోర్లు మంచిగున్నయి, పెండ్లిపిల్ల లెక్క!" అంది అత్త, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

తప్పు నాదా? తెల్లారేదాకా ముట్టొద్దని మామకు ఎవరైనా చెప్పాలా వద్దా? సరే, చెప్పాల్సింది నేనే. ఫోర్‌మన్ నాకు చెప్పే పంపాడు. కానీ తెల్లారేదాకా ఆగితే నా హారతి పాట ఏం కావాలి? ఇంకోటి, బెల్టులు అతికించే పని అన్నాను కదా, నిజానికి అతికించేవాళ్లకు డబ్బా అందించే పని.

అయినా వదల్లేదు. "మరి నా పాట, మామా?"

మామ తెల్లటి వేళ్లు నా మొహం ముందు ఆడించాడు. "నేనున్నన్ని రోజులుంటయంటివి గదరా! మాట తప్పలేదు. ఊడేటట్టు లేవు, నాతోనే కాటికొస్తయి. పో, జంపఖానా మడువు!"

కాబట్టి సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో జిగురు డబ్బా మూత తీయను. ఇప్పుడు హార్మోనియం ముందు మామ కొడుకు కూర్చుంటున్నాడు. జంపఖానా మాత్రం ఈనాటికీ నాదే!